3,500 కిలోలు లాగుతుంది సరే, సాకెట్‌లో ఏముంది?

ఆస్ట్రేలియా ఫెడరల్ ప్రభుత్వ మౌలిక సదుపాయాలు, రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



మీ దేశంలో ఏ యూట్ (వెనక సరుకు తొట్టి ఉన్న బండి), ఏ పెద్ద ఎస్‌యూవీ ప్రకటన చూసినా ఒక అంకె కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: 3,500 కిలోలు. ఫోర్డ్ రేంజర్, టొయోటా హైలక్స్, ఇసుజు డీ-మ్యాక్స్, ల్యాండ్‌క్రూజర్ 300, అన్నిటిదీ అదే పాట. బ్రేకులున్న ట్రైలర్‌ను ఆ బరువు వరకు లాగుతాయని దాని అర్థం. బొమ్మలో ఎర్రమట్టి దారి ఉంటుంది, దుమ్ము లేపుకుంటూ పోయే బండి ఉంటుంది, వెనక తెల్లగా మెరిసే కారవాన్, అంటే లాక్కెళ్లే చక్రాల ఇల్లు, ఉంటుంది. ఆ రెంటినీ కలుపుతూ వేలాడే నల్ల ప్లగ్గు మాత్రం కంటికి ఆనదు. అందులో ఏ పిన్నుకు ఏ వైరు వస్తుందో ప్రకటనలో ఉండదు, ధరల పట్టికలో ఉండదు. షోరూమ్‌లో అడిగితే ‘టో ప్యాక్ తీసుకోండి, అన్నీ వస్తాయి’ అన్న జవాబు దొరుకుతుంది. ఆ ‘అన్నీ’ ఏమిటన్నదే ఈ లేఖ.

తెలుగు పత్రిక నుంచి కాన్‌బెర్రాకు ఉత్తరమేమిటని మీకూ పాఠకులకూ సందేహం రావచ్చు. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్, ట్రుగనీనా, విండమ్ వేల్ వీధుల్లో సాయంత్రంపూట కాసేపు నడవండి, తెలుగు చెవిన పడకపోతే అడగండి. సిడ్నీలో స్కోఫీల్డ్స్ సంగతీ అంతే. దేశానికి వచ్చిన కొత్తలో చిన్న సెడాన్, ఆ తర్వాత ఇల్లు, ఆ తర్వాత పిల్లల బడి. విక్టోరియాలో మూడో టర్మ్ సెలవులు సెప్టెంబరు రెండో సగంలో మొదలవుతాయి. దసరా కొన్నేళ్లు వాటిలోనో, వాటి పక్కనో పడుతుంది. ఆ రెండు వారాలు హాల్స్ గ్యాప్, ఎచూకా లాంటి ఊళ్లకు పోవాలంటే మోటెల్ గదుల అద్దె చూసి గుండె గుభేలుమంటుంది. పైగా అక్కడ మన వంట కుదరదు. సెకండ్ హ్యాండ్ కారవాన్ మీదికి మనసు పోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

కారవాన్ కారులాంటిది కాదు. చట్రం తుప్పు పట్టకుండా, పైకప్పు కారకుండా చూసుకుంటే ఇరవై ఏళ్లు సుఖంగా బతుకుతుంది. ఈలోగా దాన్ని లాగే బండి రెండు మూడుసార్లు మారుతుంది. మారిన ప్రతిసారీ యజమాని టో బార్ (ట్రైలర్‌ను తగిలించే ఇనుప కడ్డీ) దగ్గర మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే, లేదా ఆటో ఎలక్ట్రీషియన్‌ను కూర్చోబెట్టాల్సిందే. ప్లగ్గు అదే, సాకెట్టూ చూడ్డానికి అదే. లోపలి వైర్లు మాత్రం వేరు.

ఇది మొదటినుంచీ ఇంత చిక్కు వ్యవహారం కాదు. ఫోర్డ్ 2016 అక్టోబరులో, టొయోటా, హోల్డెన్ 2017 అక్టోబరులో ఆస్ట్రేలియాలో కార్ల తయారీ మూసేశాయి. అప్పటిదాకా కారవాన్ లాగే బండి అంటే చాలామందికి ఫోర్డ్ ఫాల్కనో హోల్డెన్ కమడోరో. డిక్కీలో కార్పెట్టు ఎత్తి, టెయిల్ లైటు వెనక ఉన్న వైర్ల కట్టను టెస్ట్ ల్యాంపుతో ఒక్కొక్కటిగా తాకి చూసి, కరెంటు వచ్చిన చోట ఇంకో వైరు అతికి సాకెట్‌కు లాగితే పని అయిపోయేది. ఇప్పుడు యూట్లు ఎక్కువగా థాయ్‌లాండ్ నుంచి వస్తున్నాయి. లాగే ఇతర బండ్లు జపాన్, జర్మనీ, అమెరికా, చైనాల నుంచి. ఏ దేశం బండి ఆ దేశం అలవాటును వెంటబెట్టుకుని దిగుతోంది.

మీ దగ్గర ప్రమాణం లేదని కాదు, ఉంది. ఆస్ట్రేలియన్ స్టాండర్డ్ ప్రకారం ఏడు పిన్నుల్లో మొదటిది పసుపు, ఎడమ ఇండికేటర్. రెండోది నలుపు, రివర్స్. మూడోది తెలుపు, ఎర్త్. నాలుగోది ఆకుపచ్చ, కుడి ఇండికేటర్. ఐదోది నీలం, కారవాన్ బ్రేకులు. ఆరోది ఎరుపు, స్టాప్ లైట్లు. ఏడోది గోధుమ రంగు, టెయిల్ లైట్లు, పక్క లైట్లు. పన్నెండు పిన్నుల ఫ్లాట్ సాకెట్‌లో వీటికి తోడు ఎనిమిదోది నారింజ, బ్యాటరీ ఛార్జింగ్‌కు. తొమ్మిదోది గులాబీ, ఇతర సామగ్రికి కరెంటు. పదోది దాని ఎర్త్. పదకొండోది ఫాగ్ లైటు. పన్నెండోది ఖాళీ. ఏడు పిన్నుల ఫ్లాట్ ప్లగ్గు పన్నెండు పిన్నుల సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది కూడా. ఈ పటం గీసినవాళ్లు బుర్ర పెట్టే గీశారు. చిక్కల్లా దాన్ని ఎవరు ఎంతవరకు పాటించారో బయటినుంచి తెలియకపోవడంలోనే ఉంది.

రెండో పిన్ను సంగతే తీసుకోండి. పాత కారవాన్లలో దాన్ని ఫ్రిజ్జుకో బ్యాటరీకో కరెంటు తీసుకెళ్లడానికి వాడుకోవడం ఆటో ఎలక్ట్రీషియన్లు తరచూ చూసేదే. అప్పటి బండికి తగ్గట్టు అప్పటి యజమాని చేయించుకున్న ఏర్పాటు అది. ఆ కారవాన్‌ను ప్రమాణం ప్రకారం వైరింగ్ ఉన్న కొత్త యూట్‌కు తగిలించారనుకోండి. రెండో పిన్నులో కరెంటు వచ్చేది గేరు రివర్స్‌లో పడ్డప్పుడే. ఫ్రిజ్జులో పెరుగు చల్లగా ఉండాలంటే టార్నీట్ నుంచి ఎచూకా దాకా వెనక్కి నడపాలి.

దీన్ని తిరగేస్తే నవ్వు రాదు. బండిలో రెండో పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఉండి, కారవాన్‌లో అదే పిన్ను రివర్స్ లైట్లకు పోతుంటే, చీకట్లో హైవే మీద వెనక వచ్చేవాడి కళ్లల్లోకి తెల్ల లైట్లు కొడుతూనే ఉంటాయి. ముందు సీట్లో కూర్చున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు.

ఒక ప్లగ్గు విప్పి దగ్గరగా చూస్తే ఈ గందరగోళం ఎక్కడ పుడుతుందో బోధపడుతుంది. మూత తీస్తే లోపల ఇత్తడి గొట్టాలు, ఒక్కోదానికి ఒక్కో చిన్న మర. గొట్టం పక్కన ప్లాస్టిక్‌లో అంకె అచ్చు వేసి ఉంటుంది, దుమ్ము తుడిస్తేనే కనిపిస్తుంది. పిన్నులకు చివర నిలువుగా చీలిక ఉంటుంది. వాడగా వాడగా ఆ చీలిక మూసుకుపోయి పిన్ను సాకెట్‌లో వదులుగా ఆడుతుంది. సన్నటి చాకు మొనతో కాస్త విడదీస్తే మళ్లీ గట్టిగా పడుతుంది. ప్లగ్గును ముందునుంచి చూస్తే పిన్నుల వరుస ఒకలా, వైర్లు బిగించే వెనకవైపు నుంచి చూస్తే అద్దంలో బొమ్మలా తారుమారుగా ఉంటుంది. ఫోనులో బొమ్మ పెట్టుకుని బిగించేవారు ఇక్కడే బోల్తా పడతారు. ఎడమ ఇండికేటర్ వేస్తే కుడివైపు మిణుకుమంటుంది. ఇది తేలిగ్గా దొరికిపోయే తప్పు కాబట్టి పెద్ద ప్రమాదం లేదు.

దొరకని తప్పు ఎర్త్‌ది. మూడో పిన్ను దగ్గర తెల్లవైరు మర వదులైనా, పచ్చటి చిలుము పట్టినా, లైట్ల కరెంటుకు తిరిగివచ్చే దారి పోతుంది. అది ఊరికే ఆగదు, వేరే బల్బుల్లోంచి దొంగదారి వెతుక్కుంటుంది. ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్లు కూడా దానితో కలిసి మసకగా కొట్టుకుంటాయి. కొంత కరెంటు టో బాల్ మీదుగా, గ్రీజు పట్టిన ఇనుములోంచి పోతుంది. ‘నిన్న బాగానే ఉంది, వాన పడ్డాక తేడాగా ఉంది’ అనే ఫిర్యాదుల్లో ముందు చూడవలసింది ఈ తెల్లవైరునే.

ఇక మంత్రి గారూ, అసలు భయం నీలం వైరుతో. మీ నిబంధనల ప్రకారం చక్రాల మీద పడే బరువు, అంటే జీటీఎమ్, 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు ఉండాలి. 2,000 కిలోలు దాటితే అన్ని చక్రాలకూ ఉండాలి. దానికి తోడు కారవాన్ బండినుంచి ఊడిపోతే తనంతట తాను బ్రేకులు పట్టి కనీసం 15 నిమిషాలు వదలని ఏర్పాటు ఉండాలి. మంచి నియమాలు. ఆస్ట్రేలియా కారవాన్లలో ఎక్కువభాగం బ్రేకులు విద్యుత్తువే. డ్రమ్ములో ఒక విద్యుదయస్కాంతం, చక్రానికి మూడు ఆంపియర్లు అటూ ఇటూ. రెండు ఇరుసుల కారవాన్‌కు గట్టిగా బ్రేకు వేస్తే 12 ఆంపియర్లు ఆ ఒక్క నీలం వైరులో పరుగెత్తాలి. ఆ కరెంటు ఎంత వెళ్లాలో నిర్ణయించే బ్రేక్ కంట్రోలర్ ఉండేది కారవాన్‌లో కాదు, లాగే బండిలో. పాత బండి అమ్మేస్తే కారవాన్ బ్రేకుల బుర్ర దానితో పాటే అమ్ముడుపోయింది.

కొత్త బండి వచ్చింది. ప్లగ్గు పెట్టారు. ఇండికేటర్లు, స్టాప్ లైట్లు, టెయిల్ లైట్లు అన్నీ వెలిగాయి. వెనక నిలబడిన ఇల్లాలు బొటనవేలు చూపించింది. బ్రేకులు మాత్రం లేవు, ఎందుకంటే ఐదో పిన్ను వెనక ఏ వైరూ లేదు. కారవాన్‌లో ఉన్న ఏ దీపమూ ఆ సంగతి చెప్పదు. రెండున్నర టన్నులు వెనకనుంచి తోస్తుంటే మొదటి దిగుడులోనే తెలుస్తుంది. చట్టం కారవాన్‌కు బ్రేకులు ఉండి తీరాలంటుంది, బాగానే ఉంది. 3,500 కిలోలు లాగుతానని చెప్పుకునే బండి మాత్రం ఆ బ్రేకులకు కంట్రోలర్ లేకుండానే, ఆ మాట ఎక్కడా రాయకుండానే షోరూమ్ దాటవచ్చు. కొన్ని మోడళ్లలో కంపెనీయే కంట్రోలర్ అమర్చి ఇస్తోంది. రేంజర్‌లో ఆ వీలుంది. అది ఏ వేరియంట్‌లో ఉంది, ఏ ప్యాక్‌తో వస్తుంది అన్నది కొనేవాడు తవ్వి తీసుకోవలసిన విషయం.

అమెరికా నుంచి వచ్చే పెద్ద ట్రక్కులు, రామ్, సిల్వరాడో వంటివి, మెల్‌బోర్న్‌లో కుడిచేతి స్టీరింగ్‌కు మార్చుకుని రోడ్డెక్కుతున్నాయి. బ్రేక్ కంట్రోలర్ విషయంలో ఆ దేశం నయమే, డాష్‌బోర్డులోనే ఉంటుంది. కానీ అక్కడి ట్రైలర్ అలవాటు వేరు. ఎడమ ఇండికేటర్, ఎడమ స్టాప్ లైటు ఒకే వైరులో పోతాయి, కుడివైపూ అంతే. ఆస్ట్రేలియాలో స్టాప్ లైటు ఎర్రగా, ఇండికేటర్ నారింజ రంగులో విడివిడిగా ఉండాలి. ఆ వైరింగ్‌ను మార్చకుండా ఆస్ట్రేలియా కారవాన్‌కు తగిలిస్తే, బ్రేకు తొక్కిన ప్రతిసారీ రెండు ఇండికేటర్లూ వెలిగి కూర్చుంటాయి.

యూరప్‌ది మరో దారి. బ్రిటన్‌లో పూర్వం రెండు ఏడు పిన్నుల ప్లగ్గులు ఉండేవి. లైట్లకు నల్లటి 12ఎన్, ఫ్రిజ్జు, బ్యాటరీలకు 12ఎస్. ఒకదానిది ఇంకోదానిలో పట్టకుండా లోపలి అమరికలో తేడా పెట్టారు. 2008 చివరినుంచి కొత్త కారవాన్లకు ఐఎస్ఓ 11446 ప్రకారం 13 పిన్నుల ఒకే గుండ్రటి ప్లగ్గు వచ్చింది. పరిశ్రమ అంతా కలిసి నడిస్తే ఒక ప్లగ్గు మీదికి రావడం సాధ్యమేనని అక్కడ రుజువైంది. అయితే దాన్నే యథాతథంగా ఆస్ట్రేలియాకు తెచ్చుకోమనడం తెలివితక్కువ. యూరప్ కారవాన్లలో బ్రేకులు విద్యుత్తుతో కాదు, బండి వేగం తగ్గినప్పుడు కారవాన్ ముందుకు తోసే ఒత్తిడితో పడతాయి. కాబట్టి వాళ్ల 13 పిన్నుల్లో విద్యుత్ బ్రేకులకంటూ కేటాయించిన పిన్నే లేదు. జర్మన్ ఎస్‌యూవీ కొని వెనక 13 పిన్నుల సాకెట్ చూసి ‘ఇందులో అన్నీ ఉన్నట్టే’ అనుకున్నవారికి నీలం వైరును వేరే తెచ్చుకోక తప్పదు. బజారులో దొరికే అడాప్టర్ ఆకారాన్ని మారుస్తుంది తప్ప లేని వైరును పుట్టించదు.

ఛార్జింగ్ కథ ఇంకా ముచ్చటైనది. కారవాన్‌లో లైట్లకు, పంపుకు, ఫ్రిజ్జుకు ఒక బ్యాటరీ ఉంటుంది. దారిలో పోతుంటే లాగే బండి ఆల్టర్నేటర్ దాన్ని నింపాలి. దీనికి ఆస్ట్రేలియాలో అలవాటు బూడిద రంగు యాండర్సన్ ప్లగ్గు, 50 ఆంపియర్లది. ఆడ, మగ భేదం లేని ప్లగ్గు అది. రెండు వైపులా ఒకే ముక్క, ఒకదాన్ని తిప్పి పెడితే ఇంకోదానిలో దిగుతుంది. పాత బండ్లలో ఇంజను తిరిగినంతసేపూ ఆల్టర్నేటర్ 14 వోల్టుల దరిదాపుల్లో ఇస్తూనే ఉండేది. కొత్త బండ్లలో చాలావరకు ఇంధనం ఆదా కోసం కంప్యూటర్ దాన్ని తగ్గిస్తుంది, వాలు దిగేటప్పుడూ బ్రేకు వేసేటప్పుడూ పెంచుతుంది. 12 వోల్టుల చిల్లరతో కారవాన్ బ్యాటరీ నిండదు. వోల్టేజి చూసి కలుపుతూ విడదీస్తూ ఉండే పాతకాలపు రిలే అయితే ఎప్పుడు కలపాలో తెలియక తికమకపడుతుంది. అందుకని కారవాన్‌లో, వచ్చే వోల్టేజిని పెంచి బ్యాటరీకి ఇచ్చే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాలి. ఇలాంటి బండితో పనిచేయాలంటే చాలా ఛార్జర్లకు ఇగ్నిషన్ ఆన్‌లో ఉందని చెప్పే ఇంకో వైరు కావాలి. అది ఏ పిన్నులోంచి రావాలి? మళ్లీ మొదటికే.

వైరు మందం దగ్గర జరిగే మోసం ఒకటుంది, మోసమంటే ఎవరో ఒకరు చేసేది కాదు, అలవాటు చేసేది. ఆస్ట్రేలియా ఆటో దుకాణాల్లో ‘6 ఎంఎం’ కేబుల్ అంటే పైతొడుగుతో కలిపి కొలిచిన వ్యాసం. లోపల రాగి 4.6 చదరపు మిల్లీమీటర్లే. ఇండియాలో ఇంటి వైరింగ్ చేయించినవాడు ‘6 ఎంఎం’ అని వింటే 6 చదరపు మిల్లీమీటర్ల రాగి అనుకుంటాడు, ఎందుకంటే అక్కడ 2.5, 4, 6 అంటే రాగి కొలతే. ముందున్న బ్యాటరీ నుంచి కారవాన్ ఛార్జర్ దాకా ఏడు మీటర్లు వేసుకుందాం, రానూపోనూ పద్నాలుగు. 25 ఆంపియర్లు పోతే ఆ కేబుల్‌లో దాదాపు 1.3 వోల్టులు దారిలోనే ఆవిరి. అదే ‘6 బీ అండ్ ఎస్’ గేజి కేబుల్ అని అడిగి తెచ్చుకుంటే రాగి 13.5 చదరపు మిల్లీమీటర్లు, నష్టం 0.45 వోల్టు. పేరులో రెండిట్లోనూ ఆరే ఉంది.

గ్యాసు, ఇంటి కరెంటు, 12 వోల్టులు మూడింటి మీదా నడిచే ఫ్రిజ్జుల మీద ఈ నష్టం నేరుగా పడుతుంది. అవి చల్లబరిచేది వేడి పుట్టించి. 12 వోల్టుల మీద 10 నుంచి 15 ఆంపియర్లు తాగుతాయి. వోల్టేజి పదోవంతు పడితే వేడి దాదాపు ఐదోవంతు తగ్గుతుంది. జనవరి ఎండలో ఆ ఐదోవంతే పాలు విరగడానికీ విరగకపోవడానికీ మధ్య తేడా.

ఇక కంప్యూటర్ల సంగతి. ఈనాటి బండిలో స్టాప్ లైటు వైరుకు మరో వైరు అతికితే బండి ఊరుకోకపోవచ్చు. ఏ బల్బు ఎంత కరెంటు తీసుకుంటోందో కంప్యూటర్ లెక్క చూసుకుంటూ ఉంటుంది, తేడా వస్తే హెచ్చరిక వెలిగిస్తుంది. అందుకే టో మాడ్యూల్ అనే చిన్న పెట్టె మధ్యలో కావాలి. ఆ పెట్టెకు వెనక ట్రైలర్ ఉందని తెలియాలి. చాలావాటిలో అది తెలిసేది బల్బులు లాగే కరెంటును బట్టి. కారవాన్‌కు కొత్తగా ఎల్‌ఈడీ లైట్లు వేయించుకుంటే అవి లాగే కరెంటు ఎంత తక్కువంటే ‘వెనక ఏమీ లేదు’ అని బండి నిర్ణయించుకోవచ్చు. లేదా లైట్లు ఆపి ఉన్నప్పుడు బల్బును పరీక్షించడానికి కంప్యూటర్ పంపే చిటికెడు కరెంటుకు ఎల్‌ఈడీలు మినుకుమినుకుమంటాయి. ట్రైలర్ ఉందని తెలియకపోతే వచ్చే నష్టం లైట్లతో ఆగదు. కొన్ని బండ్లలో ట్రైలర్ ఊగిసలాటను అదుపుచేసే వ్యవస్థ పూర్తిగా మేల్కొనేది ఆ సంకేతం అందితేనే. వెనకవైపు సెన్సర్లు ఆగేదీ అప్పుడే. లేకపోతే కారవాన్‌ను పార్కులోకి వెనక్కి తోస్తుంటే ‘వెనక గోడ ఉంది’ అని బండి తానే బ్రేకు వేసి కూర్చునే రకాలూ ఉన్నాయి.

ఈ మాడ్యూల్ ఏది, దానికి కంపెనీ ఉంచిన కనెక్టర్ ఎక్కడ, అమర్చాక బండి కంప్యూటర్‌లో ఏ సెట్టింగ్ మార్చాలి, ఇవన్నీ తయారీదారు దగ్గర కాగితం మీద ఉన్న వివరాలే. 2022 జులై 1 నుంచి మీ దేశంలో మోటారు వాహనాల సర్వీస్, రిపేరు సమాచారాన్ని తయారీదారులు స్వతంత్ర మెకానిక్కులకు న్యాయమైన ధరకు ఇచ్చి తీరాలన్న చట్టం అమల్లో ఉంది. ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత వచ్చిన మంచి చట్టం. కానీ అది వర్క్‌షాపు కోసం, బండి రిపేరు కోసం. బండి కొనబోయే మనిషి, తన ఇంటి ముంగిట్లో ఉన్న కారవాన్‌కు ఇది పనికొస్తుందా అని ముందే చూసుకోవడానికి అందులో కిటికీ లేదు.

ఇక్కడ ఒక వింత కూడా చెప్పుకోవాలి. కారవాన్‌లో 240 వోల్టుల పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. 12 వోల్టుల పనికి ఆ ఆంక్ష లేదు, యజమాని తన డ్రైవ్‌వేలో తానే చేసుకోవచ్చు. అది తప్పు కాదు, చేతిపని తెలిసినవాళ్లకు ఆ స్వేచ్ఛ ఉండాలి. కాకపోతే టోస్టర్ నడిపే తీగకు ఉన్నంత పహరా రెండున్నర టన్నులను ఆపే తీగకు లేదు. కనీసం ఆ పని చేసేవాడి చేతిలో సరైన పటమైనా ఉండాలి కదా.

‘ఇదంతా మార్కెట్ చూసుకుంటుంది’ అని మీ అధికారులు అనవచ్చు. కొంతవరకు చూసుకుంటోంది కూడా. ఒక్కో మోడల్‌కు ఒక్కో వైర్ల కట్టను తయారుచేసి, పెట్టగానే పనిచేసేలా అమ్మే సంస్థలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి, నాణ్యమైనవీ ఉన్నాయి. అయితే తయారీదారుకు ముందే తెలిసిన దాన్ని మరొకరు బండి విప్పి కనిపెట్టి అమ్మితే ఆ ఖర్చు చివరికి కొనుక్కునే కుటుంబం మీదే పడుతుంది. కొత్త మోడల్ విడుదలైన మొదటి నెలల్లో ఆ కట్ట కూడా దొరకదు.

‘వాడుకలో ఉన్న బండ్ల సంగతి రాష్ట్రాలది’ అనవచ్చు. నిజమే. కానీ మార్కెట్లోకి వచ్చే బండికి ఆస్ట్రేలియన్ డిజైన్ రూల్స్ (ఏడీఆర్) రాసేది మీరే. రోడ్ వెహికల్ స్టాండర్డ్స్ చట్టం 2018 ఆ అధికారం మంత్రి చేతిలోనే పెట్టింది. 2021 జులై 1 నుంచి చిన్న ట్రైలర్లు, కారవాన్లు కూడా అదే చట్టం కింద, అదే ఆమోదిత వాహనాల రిజిస్టర్‌లోకి వచ్చాయి. ప్లగ్గు, సాకెట్టు రెండూ ఒకే శాఖ బల్ల మీద ఉన్నాయి.

‘లాగే సామర్థ్యం మా చట్టం పట్టించుకునే విషయం కాదు’ అని మాత్రం మీరు అనలేరు. కొత్త వాహనాల ఇంధన సామర్థ్య ప్రమాణం తెచ్చినప్పుడు, విడి చట్రం మీద కట్టిన, 3 టన్నులు లేదా అంతకు మించి లాగే ఎస్‌యూవీలను ప్యాసింజర్ కార్లలోంచి తీసి, కాస్త సడలింపు ఉన్న తేలికపాటి వాణిజ్య వాహనాల వర్గంలో వేశారు. అంటే ఒక బండి ఎంత లాగగలదన్నది, తయారీదారు ఎంత ఉద్గార లక్ష్యం అందుకోవాలో నిర్ణయించే చట్టపరమైన కొలత అయింది. లాగుతుందన్న పేరుతో వెసులుబాటు పొందిన బండి, లాగడానికి కావలసిన వైర్లు ఏమిటో చెప్పమంటే భారమని అనగలదా? పైగా ఆ ప్రమాణం వల్లే రేపు హైబ్రిడ్లు, విద్యుత్ యూట్లు పెరుగుతాయి. కొత్త టొయోటా ప్రాడో 48 వోల్టుల వ్యవస్థతో ఇప్పటికే వచ్చేసింది. బండి ముందుభాగంలో విద్యుత్తు మారినకొద్దీ వెనక సాకెట్ కథ మరింత మారుతుంది.

అడిగేది పెద్ద కోరికేమీ కాదు. 750 కిలోలకు మించి లాగగలనని చెప్పే ప్రతి తేలికపాటి వాహనానికీ, ఆ అంకె ఎక్కడ అచ్చవుతుందో అక్కడే సాకెట్ పటం అచ్చు కావాలి: ఏ రకం సాకెట్, ఏ పిన్నులో ఏముంది, ఏది ఖాళీ, ఛార్జింగ్ లైను ఉంటే ఎన్ని ఆంపియర్లు, ఆల్టర్నేటర్ వోల్టేజి మారే రకమా, ఎల్‌ఈడీ ట్రైలర్‌ను గుర్తిస్తుందా. బ్రేక్ కంట్రోలర్ లేకపోతే ‘లేదు’ అని రాయాలి. 2,000 కిలోలు దాటిన సామర్థ్యం చెప్పుకునే బండిలో కంట్రోలర్ పెట్టకపోయినా, దాన్ని తగిలించడానికి సిద్ధంగా ఒక కనెక్టర్, ఐదో పిన్ను దాకా తగినంత మందం నీలం వైరు ఫ్యాక్టరీ నుంచే రావాలి. డాష్‌బోర్డు విప్పి, బ్రేకు పెడల్ దగ్గర తడుముతూ వైరు వెతికే పని అంతటితో తప్పుతుంది. కారవాన్ తయారీదారులూ తప్పించుకోకూడదు. కారవాన్ ముందుండే డ్రా బార్ దగ్గర బరువులు, టైరు కొలతలు చెక్కిన ప్లేటు ఎలాగూ ఉంటుంది. దాని పక్కన పిన్నుల పటం ఒకటి ఉంటే మూడో యజమానికి కూడా పనికొస్తుంది.

ఇవి అమలయ్యేలోగా తెలుగు కుటుంబాలకు ఈ లేఖ ద్వారా ఒక మాట. బండి కొనేముందు షోరూమ్‌లో లైట్ల గురించి కాక, ఐదో పిన్ను గురించి అడగండి. రాతపూర్వకంగా అడగండి. కారవాన్ తగిలించాక లైట్లు వెలిగితే సరిపోయిందనుకోవద్దు. ఖాళీ రోడ్డు మీద నడక కంటే కాస్త ఎక్కువ వేగంలో పోతూ, పాదం బ్రేకు మీద పెట్టకుండా కంట్రోలర్ మీది మాన్యువల్ బటన్ నొక్కితే, కారవాన్ వెనక్కి లాగినట్టు తెలియాలి. తెలియకపోతే ఆ రోజు ప్రయాణం మానుకోవాలి. ఇది మీకు చెప్పవలసిన సంగతి కాదు గానీ మంత్రి గారూ, మీ నిబంధన చేయవలసిన పనిని ఇప్పుడు ఈ బటన్ ఒక్కటే చేస్తోంది.

సమయం గురించి కూడా ఒక మనవి. కొత్త ఉద్గార నియమం ఏడీఆర్ 79/05 కొత్తగా ఆమోదం కోరే మోడళ్లకు 2025 డిసెంబరు 1 నుంచి వర్తించింది. ఇప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు గడువు 2028 జులై 1. ఆ తర్వాత కూడా మార్కెట్లో కొనసాగాలనుకునే ప్రతి తయారీదారూ ఆలోగా ఆ నియమం కోసం మీ శాఖ ముందుకు కాగితాలతో రావలసిందే. ఆ దస్తావేజుల్లో సాకెట్ పటం ఒక పేజీ అదనంగా అడగడానికి అదే అదను. మీ శాఖ ఈ విషయంలో ఏం చేయదలచుకుందో ఈ పత్రికకు రాస్తే, జవాబును తెలుగులో పూర్తిగా అచ్చువేస్తాం.

ఇట్లు,
ఒక తెలుగు పత్రికా రచయిత